మంచి గోడ

బల్లారట్‌లో నా పని గోడల చిల్లులు పూడ్చడం.
నూటయాభై ఏళ్ల ఇళ్లు, సున్నం గోడలు,
ఒక్కో బీటకి ఒక్కో మందు.
చెమ్మ గోడకి సిమెంటు పనికిరాదు,
కదిలే గోడకి గట్టి ముద్ద నిలవదు.
ఇంత తెలిసినవాణ్ణి,
నా నోట్లో గోడ కూలేదాకా చూసుకోలేదు.

జూన్ నెల చలి. టీ గుక్క ఎడమవైపుకి పోతే
కణతదాకా తీగ పెట్టి లాగినట్టు.
మూడు వారాలు లవంగంతో బేరమాడాను.
చివరికి స్టర్ట్ వీధిలో మెట్లెక్కి
డాక్టర్ రొవీనా ట్రాస్క్ కుర్చీలో వెల్లకిలా పడ్డాను.

ఓబులేసు అనలేక ఓబీ అంది.
అద్దం పుల్ల నోట్లో తిప్పి, రెండు, అంది.
ఒకటి వెనక దవడపన్ను నెత్తిన, వేలిగోరంత గుంట.
రెండోది కాస్త ముందు, చిగుళ్ల అంచున,
బ్రష్షుతో రుద్ది రుద్ది నేనే తవ్వుకున్నది.

"దేంతో నింపమంటావు?"

వెండి ముద్ద సంగతి ముందు చెప్పింది.
పాదరసంలో వెండి, తగరం, రాగి కలిపి కూరేది.
ఉమ్మి తగిలినా లెక్కచెయ్యదు, చవక,
నల్లగా కనిపిస్తుంది, అంతే.
"వేసేవాళ్లు తగ్గిపోయారు. నా దగ్గరింకా ఉంది."
ఎన్నేళ్లుంటుంది అన్నాను.
మాస్కు కిందికి లాగి తన నోరే తెరిచి చూపించింది.
కుడివైపు, అడుగున, మసిబారిన చిన్న నాణెం.
"బడికెళ్లే రోజుల్లోది.
వేసిన డాక్టరు పోయాడు. ఇది కదల్లేదు."

పాత పనివాళ్ల పనంటే నాకు మోజు.
మనసు అక్కడే కూర్చుంది.

బంగారం కూడా ఉంది, అంది.
ధర విని ఇద్దరం నవ్వాం.
ఈ ఊరి కిందంతా బంగారం తవ్విన సొరంగాలు,
నా పంటి సొరంగానికి మాత్రం రవ్వంత అందదు.

"అయితే వెండే."
ఆమె కాగితం మీద పన్ను గీసింది.
"ఇది అంటుకోదు ఓబీ, ఇరుక్కుని నిలవాలి.
అడుగున వెడల్పు, పైన ఇరుకు.
బాగున్న పన్నునీ కొంత చెక్కాలి."

పెన్ను ఆగిన చోటే చూస్తూ ఉండిపోయాను.
పోయినేడు ఒక ముసలావిడ హాల్లో
పిడికెడంత చిల్లు. అతుకు పట్టాలని
చుట్టూ నిక్షేపంలాంటి గోడ మూరెడు కొట్టాను.
పట్టింది.
చలి రాగానే నేను కొట్టిన అంచు నుంచే బీట నడిచింది.
ఆవిడ ఒక్క మాట అనలేదు.
పంటికింద రాయి అంటే అదీ.

"తెల్లది వెయ్యండి" అన్నాను.

తెల్లది మొండిది, చుక్క తడి ఓర్వదు.
పంటికి రబ్బరు గొడుగు తొడిగి,
ఆరబెట్టి, జిగురు రాసి, పలచగా ఒక పొర,
ఇరవై లెక్కపెట్టేదాకా నీలి దీపం,
మళ్లీ పొర, మళ్లీ దీపం.
ఒక్కసారే దట్టిస్తే లోపల పగులుతుంది,
ఆ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.
కళ్లు మూసుకుని పొరలు లెక్కపెట్టాను. ఐదు.
ఆ చేతిని నేనైతే పనిలో పెట్టుకునేవాణ్ణి.

చిగుళ్ల దగ్గరిదానికి అడక్కుండానే వేరేది కలిపింది,
గాజుపొడి ముద్ద. కాస్త చెమ్మని ఓర్చుకుంటుంది,
పంటికి మేలుచేసే ఉప్పేదో కొంచెం కొంచెం వదులుతుందట.
"నమిలేచోట ఇది అరిగిపోతుంది. అక్కడ నమలవుగా."
ఏ గోడకి ఆ ముద్ద.
నేను చెప్పాల్సిన మాట ఆమె చెప్పింది.

బయటికొస్తే సగం పెదవి నాది కాదు.
పప్పు మెత్తగా ఉడికించమందామని ఫోన్ చేస్తే
ప నోరు దాటదు, భారతమ్మలో భ గాలైపోతుంది.
"పొద్దున్నే తాగావా?" అందావిడ.

మొద్దుబారని సగం నాలుక
అప్పటికే పదిసార్లు వెళ్లి తడిమొచ్చింది.
కొత్త పూత మీద వేలు పెట్టకురా అని
మా కుర్రాడు డార్సీని
రోజూ తిట్టేది నేనే.